భుజం రిఫ్లెక్స్ రీడింగులు నిలకడగా రావడం లేదా? లక్షణాన్ని బట్టి కారణం, పరిష్కారం

భుజం కండరాల రిఫ్లెక్స్ మీద ఎంపీటీ (ఫిజియోథెరపీ పీజీ) థీసిస్ మొదలుపెట్టినవాళ్లు మొదటి వారంలోనే తల పట్టుకుంటారు. మనిషి అదే, చెయ్యి అదే, యంత్రం అదే. అయినా పొద్దున 32 మిల్లీసెకన్లు వచ్చిన లేటెన్సీ (చెయ్యి కదిలినప్పటి నుంచి కండరం స్పందించేదాకా పట్టే సమయం) మధ్యాహ్నానికి 47 అవుతుంది. అనుమానం వెంటనే పేషెంటు మీదికో ఈఎంజీ (కండరం విద్యుత్ సిగ్నల్ కొలిచే పరికరం) మీదికో పోతుంది. నేను చూసినంతలో తప్పు ఎక్కువసార్లు వేరే చోట ఉంటుంది. చెయ్యి నిజంగా ఏ క్షణాన కదిలిందో సరిగ్గా కొలవరు, కదిలే ముందు కండరం ఎంత బిగిసి ఉందో చూడరు. ఈ రెండూ కుదిరితే సగానికి పైగా గొడవలు వాటంతటవే పోతాయి. అందుకే కింద వాటికే ఎక్కువ చోటు ఇచ్చాను.

ఇక్కడ చెప్పేదంతా ఈ తరహా పరీక్ష గురించి: మనిషి కుర్చీలో కూర్చుంటాడు, చెయ్యి భుజం ఎత్తులో ఆధారం మీద ఉంటుంది, మోటారో బరువో మోచేతి దగ్గర ఒక్కసారిగా చేతిని అడ్డంగా తోస్తుంది. వెనక్కి తోస్తే పెక్టొరాలిస్ మేజర్ (ఛాతీ కండరం), యాంటీరియర్ డెల్టాయిడ్ (భుజం ముందు కండరం) సాగుతాయి. ముందుకు తోస్తే పోస్టీరియర్ డెల్టాయిడ్ (భుజం వెనక కండరం) సాగుతుంది. సాగిన కండరం తనంతట తానే బిగుసుకునే స్ట్రెచ్ రిఫ్లెక్స్‌ని పై నుంచి అతికించిన ఎలక్ట్రోడ్లతో పట్టుకుంటాం.

ఏది ఎప్పుడు రావాలో ముందు మనసులో ఉండాలి. చెయ్యి కదిలిన క్షణం నుంచి సుమారు 20–45 మిల్లీసెకన్ల మధ్య వచ్చేది షార్ట్ లేటెన్సీ స్పందన. అది వెన్నుపాము స్థాయిలోనే తిరిగి వస్తుంది. 45 నుంచి 105 వరకు వచ్చేది లాంగ్ లేటెన్సీ. ఇందులో మెదడు పాత్ర కూడా ఉంటుంది. ఆ తర్వాత మనిషి కావాలని చేసే కదలిక కలుస్తుంది. ఈ హద్దులు మనిషిని బట్టి కొంచెం అటూఇటూ అవుతాయి. అయితే మీ అంకె వీటికి బాగా దూరంగా ఉంటే కింది వాటిలో ఏదో ఒకటి జరుగుతున్నట్టే.

లేటెన్సీ ట్రయల్ ట్రయల్‌కీ 10–20 మిల్లీసెకన్లు మారిపోతోంది, లేదా అన్నిట్లోనూ ఆలస్యంగా వస్తోంది

అన్నిటికంటే ఎక్కువగా కనిపించే సమస్య ఇదే. మీ సున్నా ఎక్కడుందో మొదట చూడండి. చాలా సెటప్పుల్లో కంప్యూటర్ మోటారుకు ఆదేశం పంపిన క్షణాన్ని సున్నాగా పెట్టుకుంటారు. ఆదేశం వెళ్లడానికి, మోటారు బలం పుంజుకోవడానికి, పట్టీలో వదులు పోవడానికి, చర్మం కింది మెత్తదనం నొక్కుకుపోవడానికి తలా కొంత సమయం పడుతుంది. ఇదంతా అయ్యాకే ఎముక కదులుతుంది. పట్టీ ఇవాళ బిగుతుగా, రేపు వదులుగా కడితే ఆ తేడా నేరుగా లేటెన్సీలో కనిపిస్తుంది. కండరానికి దానితో ఏ సంబంధమూ లేదు.

పరిష్కారం: ఒక చిన్న యాక్సిలరోమీటర్‌ని (త్వరణం కొలిచే సెన్సర్) మోచేతికి కొంచెం పైన, ఎముక చేతికి బాగా తగిలే చోట గట్టిగా కట్టండి. దాని సిగ్నల్‌ని ఈఎంజీ వెళ్లే బోర్డులోకే పంపండి. త్వరణం బేస్‌లైన్ (కదలక ముందున్న స్థాయి) దాటిన క్షణమే మీ సున్నా. ఆదేశం సిగ్నల్‌ని కూడా రికార్డు చేయండి, కానీ లెక్కలకు వాడొద్దు. ఆదేశానికీ కదలికకూ మధ్య తేడా రోజురోజుకీ ఎలా మారుతోందో చూస్తే పట్టీ ఎవరు సరిగ్గా కడుతున్నారో తెలిసిపోతుంది.

వైర్‌లెస్ ఈఎంజీ వాడేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. సెన్సర్ నుంచి సిగ్నల్ బేస్ యూనిట్‌కి చేరి, అక్కడి నుంచి బయటికి రావడానికి కొంత సమయం పడుతుంది. అది స్థిరంగా ఉంటే తీసేసుకోవచ్చు. యూఎస్‌బీ మీదుగా సాఫ్ట్‌వేర్ ట్రిగ్గర్ పంపిస్తే మాత్రం ఆ ఆలస్యం ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది. మాన్యువల్‌లో రాసిన అంకెను నమ్మి కూర్చోకుండా మీరే కొలవండి. ఇలా చేయొచ్చు:

చెక్క స్కేలు ఒకటి తీసుకోండి. దాని మీద పక్కపక్కనే ఈఎంజీ సెన్సర్‌నీ, యాక్సిలరోమీటర్‌నీ డబుల్ టేపుతో అతికించండి. ఎలక్ట్రోడ్ల మీద తడి గుడ్డ ముక్క ఒకటి వేయండి, లేకపోతే సిగ్నల్ తేలుతూ ఉంటుంది. రికార్డింగ్ మొదలుపెట్టి స్కేలు చివర పెన్నుతో ఒక్కసారి కొట్టండి. రెండు చానెళ్లలోనూ పదునైన గీత వస్తుంది. ఈఎంజీ గీత ఎన్ని మిల్లీసెకన్లు వెనక ఉందో చూడండి. ఇలా ఓ ఇరవై సార్లు కొట్టండి. ప్రతిసారీ అదే తేడా వస్తే దాన్ని లెక్కలో తీసేయండి. తేడా ఒకసారి 14, ఇంకోసారి 31 వస్తుంటే ఏ లెక్కా దాన్ని సరిచేయలేదు. ట్రిగ్గర్‌ని వైరుతో నేరుగా కలపాలి, లేదా రెండు సిగ్నళ్లూ ఒకే యూనిట్ నుంచి వచ్చేలా చూసుకోవాలి. పది నిమిషాల పని. థీసిస్ అంతా అయ్యాక ఈ తేడా బయటపడితే డేటా మొత్తం పక్కన పెట్టాల్సి వస్తుంది. కాబట్టి మొదటి పార్టిసిపెంట్‌ని పిలవక ముందే చేయండి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ మళ్లీ చేయండి.

శాంప్లింగ్ రేటు కూడా ఒకసారి చూసుకోండి. సెకనుకు 1000 శాంపిళ్లు తీస్తే ఒక మిల్లీసెకను కంటే చిన్న తేడా కనబడదు. 2000 ఉంటే నిశ్చింత.

స్పందన పది మిల్లీసెకన్ల లోపే వచ్చేస్తోంది

అది రిఫ్లెక్స్ కాదు. కండరం నుంచి మెడ దగ్గరి వెన్నుపాముకి వెళ్లి తిరిగి రావడానికి దారి రెండు వైపులా కలిపి సుమారు అర మీటరు ఉంటుంది. నాడిలో సంకేతం సెకనుకు 50–60 మీటర్ల వేగంతో పోతుంది. అంటే ప్రయాణానికే ఎనిమిది నుంచి పది మిల్లీసెకన్లు అయిపోతాయి. సినాప్స్ (నాడులు ఒకదానితో ఒకటి కలిసే చోటు) దగ్గర, నాడి కండరాన్ని కలిసే చోట పట్టే సమయం దానికి అదనం.

మరి కనిపిస్తున్నది ఏమిటి? సాధారణంగా కేబుల్ ఊగడమో ఎలక్ట్రోడ్ చర్మం మీద కదలడమో అయి ఉంటుంది. తోపు పడగానే ఒక మందమైన, నెమ్మదైన అల కనిపిస్తే ఇదే. కేబుల్‌ని చర్మానికి టేపు వేసి, కొంచెం వదులు వదిలిపెట్టి బిగించండి. 20 హెర్ట్జ్ దగ్గర హైపాస్ ఫిల్టర్ (అంతకంటే నెమ్మదైన అలలను ఆపేది) పెడితే మిగిలిందీ చాలావరకు తగ్గుతుంది.

రెండో కారణం ఫిల్టరే. గీత నున్నగా అందంగా కనిపించాలని రెక్టిఫై చేసిన (నెగటివ్ భాగాన్ని పాజిటివ్‌గా తిప్పిన) ఈఎంజీ మీద 6 హెర్ట్జ్ లోపాస్ (అంతకంటే వేగమైన మార్పులను ఆపే ఫిల్టర్) వేస్తారు. ముందుకూ వెనక్కూ రెండు వైపులా నడిచే ఫిల్టర్ అయితే స్పందన వెనక్కి పాకి, మొదలు నిజమైన చోటు కంటే ఎంతో ముందుకు జరుగుతుంది. ఒక వైపే నడిచే ఫిల్టర్ అయితే మొదలు ఆలస్యమవుతుంది. నడకను విశ్లేషించడానికి ఆ 6 హెర్ట్జ్ పనికొస్తుందేమో గానీ, 25 మిల్లీసెకన్ల సంగతి తేల్చడానికి కాదు. మొదలు పట్టుకోవడానికి లోపాస్ 50 హెర్ట్జ్ కంటే తగ్గించకండి. అందరి డేటాకీ ఒకే సెట్టింగ్ ఉంచండి.

మూడోది, తోపు ఎప్పుడొస్తుందో మనిషి ముందే పసిగట్టడం. ఈ సందర్భంలో సున్నాకి ముందే కండరం లేస్తుంది. విరామం ప్రతిసారీ ఐదు సెకన్లే అయితే నాలుగో తోపుకే ఎవరైనా కనిపెట్టేస్తారు. విరామాన్ని మారుస్తూ ఉండండి. దిశను కూడా మార్చండి, మధ్యమధ్యలో తోపు లేని ట్రయల్స్ పెట్టండి. మీరు బటన్ నొక్కే చెయ్యి వాళ్లకు కనిపించకూడదు.

షార్ట్ లేటెన్సీ స్పందన అసలు కనిపించడం లేదు

కండరం పూర్తిగా వదులుగా ఉంటే భుజంలో ఈ స్పందన చాలా చిన్నగా వస్తుంది, లేదా రాదు. ‘ఫ్రీగా వదిలేయండి’ అని చెప్పి, స్పందన రాలేదని బాధపడేవాళ్లు ఎక్కువ. ముందు కొంచెం బిగింపు ఉండాలి. గరిష్ఠ బలంలో 5–10 శాతం సరిపోతుంది. కొలిచే కండరం సాగే దిశలోనే మోటారుతో చిన్న బలం నిలకడగా పెట్టి, దానికి ఎదురుగా చేతిని ఒకే చోట ఉంచమని చెప్పండి. ఎదురుగా స్క్రీన్ మీద గీత చూపిస్తే ఇంకా బాగుంటుంది.

అప్పటికీ రాకపోతే తోపు వేగం చూడండి. ఇక్కడ ముఖ్యంగా పనిచేసేది కండరం లోపలి స్పిండిల్ (సాగడాన్ని పసిగట్టే గ్రాహకం). అది సాగిన దూరం కంటే సాగిన వేగానికి ఎక్కువ స్పందిస్తుంది. నెమ్మదిగా పెరిగే తోపు ఎంత దూరం తోసినా షార్ట్ లేటెన్సీని సరిగా లేపదు. యాక్సిలరోమీటర్ ఇప్పటికే కట్టారు కాబట్టి ఇది వెంటనే తెలిసిపోతుంది.

కొందరు రిఫ్లెక్స్ పెరగాలని జెండ్రాసిక్ పద్ధతి వాడతారు. 1885లో హంగేరీ వైద్యుడు ఎర్నో జెండ్రాసిక్ చెప్పిన పద్ధతి ఇది: రెండు చేతుల వేళ్లు కొక్కెంలా కలిపి బలంగా లాగమంటారు. మోకాలి రిఫ్లెక్స్‌కి బాగుంటుంది. భుజానికి మాత్రం వద్దు. అలా లాగితే మీరు కొలుస్తున్న కండరాలే బిగుసుకుంటాయి. కావాలంటే పళ్లు బిగించమనండి. అది కూడా అందరికీ, అన్ని ట్రయల్స్‌లోనూ చేయించాలి, లేదా ఎవరికీ వద్దు.

స్పందన వస్తోంది, కానీ ఒకసారి పెద్దగా, ఇంకోసారి చిన్నగా

షార్ట్ లేటెన్సీ పరిమాణం ముందున్న బిగింపుతో పాటే పెరుగుతుంది, తగ్గుతుంది. శరీరం పనితీరే అంత. కాబట్టి ముందున్న బిగింపు కొలవకుండా పరిమాణాన్ని ఎవరితో పోల్చినా అర్థం లేదు. తోపుకు ముందు 100 మిల్లీసెకన్ల సగటు ఈఎంజీ ప్రతి ట్రయల్‌కీ లెక్కగట్టండి. ముందే ఒక హద్దు రాసి పెట్టుకుని, అది దాటిన ట్రయల్‌ని తీసేయండి. ఫలితం చూశాక హద్దు మార్చడం మాత్రం వద్దు.

అంతకంటే తక్కువ మంది పట్టించుకునేది కండరానికి తోపుకు ముందు జరిగిన కదలిక. ఇంతకుముందు అది సాగి ఉందా, ముడుచుకుని ఉందా అన్నదాన్ని బట్టి స్పిండిల్ బిగువు మారుతుంది. ట్రయల్‌కి ట్రయల్‌కి మధ్య మనిషి భుజం తిప్పుకుంటాడు, చెమట తుడుచుకుంటాడు, ఫోన్ చూసుకుంటాడు. ప్రతి తోపుకు ముందు చేతిని ఒకే విధంగా ఒకసారి ముందుకూ వెనక్కూ ఆడించి, అదే చోటికి తెచ్చి, ఆపై ఆగి తోయండి. దగ్గరదగ్గరగా తోస్తే ముందటి తోపు ప్రభావం తర్వాతి దానిలో మిగిలి ఉంటుంది. సాధ్యమైతే పది సెకన్ల కంటే తక్కువ విరామం వద్దు.

లాంగ్ లేటెన్సీ మాత్రమే మారుతుంటే మీరు చెప్పే మాటలను అనుమానించండి. ‘ఆపు’ అని చెప్పినప్పుడు, ‘వదిలెయ్’ అని చెప్పినప్పుడు ఈ భాగం వేరుగా వస్తుందని పి. హెచ్. హామండ్ 1956లోనే చూపించాడు. షార్ట్ లేటెన్సీ మీద ఈ మాటల ప్రభావం పెద్దగా ఉండదు. అందుకని సూచనను కాగితం మీద రాసి, అందరికీ అదే చదవండి: ‘చెయ్యి తోసినప్పుడు ఏమీ చేయకండి, ఎటు పోతే అటు పోనివ్వండి’, లేదా ‘తోసిన వెంటనే చేతిని మొదటి చోటికి తెచ్చేయండి’. రెండిట్లో ఒకటే. ఒకరికి ‘గట్టిగా పట్టుకోండమ్మా’ అని, ఇంకొకరికి ‘టెన్షన్ పడకండి సార్, మామూలుగా ఉండండి’ అని అంటే మీరు రెండు వేర్వేరు ప్రయోగాలు చేసినట్టే. మన దగ్గర ‘టెస్ట్’ అనగానే బాగా చేసి చూపించాలనే తపన వచ్చేస్తుంది, ముఖ్యంగా విద్యార్థులకు. ఇందులో పాసూ ఫెయిలూ లేవని ముందే చెప్పండి.

మొదటి ట్రయల్ మాత్రమే విపరీతంగా వచ్చింది

ఉలిక్కిపడ్డారు. మోటారు టక్కుమన్న శబ్దం ఒక్కటే చాలు. మెడ ముందరి స్టెర్నోక్లైడోమాస్టాయిడ్ కండరం మీద ఒక చానెల్ పెడితే అది కూడా లేచిందా లేదా తెలుస్తుంది. లేస్తే అది ఉలికిపాటు కలిసిన స్పందన. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి సన్నటి హోరు వినిపించండి, మొదటి కొన్ని తోపులను అలవాటు కోసం వదిలేయండి.

50 హెర్ట్జ్ హమ్, గుండె గీతలు

చర్మం సరిగ్గా సిద్ధం కాకపోవడం దీనికి పెద్ద కారణం. తలకు కొబ్బరినూనె పెట్టుకుని వచ్చినవాళ్లకు ఆ జిడ్డు మెడ మీదుగా భుజం దాకా ఉంటుంది. మే నెల ఎండలో బయటి నుంచి వస్తే చెమట సరేసరి. సబ్బునీళ్లతో తుడిచి, ఆరాక స్పిరిట్‌తో మళ్లీ తుడవండి, వెంట్రుకలుంటే షేవ్ చేయండి. వచ్చినవాళ్లను ఏసీ గదిలో పదిహేను నిమిషాలు కూర్చోబెట్టి అప్పుడు అతికించండి. ఆడవాళ్లయితే చేతులు లేని గౌను ఇచ్చి, పక్కన లేడీ అసిస్టెంటును ఉంచండి. ఇది మర్యాద. పైగా ఇబ్బందిగా కూర్చున్న మనిషి భుజాలు పైకి ముడుచుకునే ఉంటాయి, బేస్‌లైన్ కూడా అలాగే ఉంటుంది.

ఆపైన గదిలో ఎర్తింగ్ చూడండి. ల్యాప్‌టాప్ చార్జర్ తీసి బ్యాటరీ మీద నడిపితే హమ్ పోతోందా? అయితే దారి దొరికింది. 50 హెర్ట్జ్ నాచ్ ఫిల్టర్‌ని (ఆ ఒక్క ఫ్రీక్వెన్సీని తీసేసేది) చివరి ఉపాయంగా ఉంచుకోండి. ఈఎంజీ అసలు శక్తి కూడా ఆ చుట్టుపక్కలే ఉంటుంది. పైగా హఠాత్తుగా వచ్చే స్పందన తర్వాత నాచ్ ఫిల్టర్, నిజంగా లేని అలలను సృష్టిస్తుంది.

ఎడమ పెక్టొరాలిస్ మీద గుండె గీతలు తప్పవు. హైపాస్‌ని 30 హెర్ట్జ్‌కి పెంచితే చాలావరకు తగ్గుతాయి. కుడి వైపుకీ అదే పెట్టాలి, లేకపోతే ఎడమకూ కుడికీ పోలిక చెడిపోతుంది.

రెండు కండరాల్లో ఒకే గీత కనిపిస్తోంది

పక్కపక్కనే ఉండే ఇన్‌ఫ్రాస్పైనేటస్, పోస్టీరియర్ డెల్టాయిడ్ కండరాల దగ్గర ఇది తరచూ జరుగుతుంది. పక్క కండరం సిగ్నల్ ఇందులోకి వస్తోంది. పాజిటివ్ నెగటివ్ శిఖరాలు సహా రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి సరిపోతుంటే అనుమానం ఖాయం. ఎలక్ట్రోడ్ల మధ్య దూరం 20 మిల్లీమీటర్లకు మించకుండా చూడండి. 1990ల్లో యూరప్‌లో నడిచిన సెనియం ప్రాజెక్టు సూచించిన దూరం ఇదే. ప్రతి కండరాన్నీ విడిగా బిగింపజేసి ఏ చానెల్ లేస్తోందో చూశాకే తోపులు మొదలుపెట్టండి. సుప్రాస్పైనేటస్ ట్రపీజియస్ కింద ఉంటుంది, సబ్‌స్కాప్యులారిస్ స్కాప్యులా (భుజం రెక్క ఎముక) లోపలి వైపు ఉంటుంది. పై ఎలక్ట్రోడ్లతో వాటిని కొలిచామని రాయకండి. వాటికి సన్నని వైరు ఎలక్ట్రోడ్లు లోపలికి పెట్టాల్సిందే. అది శిక్షణ ఉన్నవాళ్లు, ఎథిక్స్ కమిటీ అనుమతితో చేసే పని.

వారం తర్వాత అదే మనిషికి వేరే అంకె

పరిమాణం మారితే మొదట ఎలక్ట్రోడ్ చోటును, తర్వాత కూర్చున్న తీరును చూడండి. మిడిల్ డెల్టాయిడ్‌కి ఆక్రోమియన్ (భుజం పైనుండే ఎముక కొన) నుంచి మోచేతి బయటి ఎముక దాకా గీత ఊహించుకుని, కండరం బాగా ఉబ్బిన చోట పెడతాం. ‘ఉబ్బిన చోట’ అన్నది చూసేవాళ్లను బట్టి మారుతుంది. ఆక్రోమియన్ నుంచి ఎన్ని సెంటీమీటర్లో టేపుతో కొలిచి రాయండి. పుట్టుమచ్చలు, మచ్చలు గుర్తుగా పెట్టుకుని ట్రాన్స్‌పరెంట్ షీటు మీద గీసుకుంటే ఇంకా మంచిది. స్కాప్యులా స్థిరంగా లేకపోతే భుజం కోణం అదే చూపించినా కండరం పొడవు వేరే ఉంటుంది. ఛాతీని కుర్చీకి పట్టీతో కట్టండి.

మొదలు ఎక్కడో గుర్తించేది ఇద్దరైతే ఒక నియమం రాసుకోండి: తోపుకు ముందు 100 మిల్లీసెకన్ల సగటుకు మూడు స్టాండర్డ్ డీవియేషన్లు దాటి, కనీసం 5 మిల్లీసెకన్లు ఆగకుండా పైన ఉండాలి. కంప్యూటర్ గుర్తించినదాన్ని కంటితో కూడా చూడండి. చూసేవాళ్లకు అది ఎవరి డేటానో, ఏ రోజుదో తెలియకూడదు.

ఇక ఐసీసీ (మళ్లీ కొలిస్తే అంకెలు ఎంత నిలకడగా వస్తాయో చెప్పే కొలత, 1కి దగ్గరైతే మంచిది). 0.85 వచ్చిందని సంతోషించే ముందు ఎవరిని కలిపారో చూడండి. ఆరోగ్యవంతులనూ, భుజం జారే సమస్య ఉన్నవాళ్లనూ ఒకే కుప్పలో వేస్తే మనుషుల మధ్య తేడా పెరిగి ఐసీసీ దానంతటదే పెరుగుతుంది. కొలత మెరుగుపడినట్టు కాదు. మిల్లీసెకన్లలో పొరపాటు ఎంతో చెప్పండి. స్టాండర్డ్ డీవియేషన్ 6 మిల్లీసెకన్లు, ఐసీసీ 0.75 అనుకుందాం. ఒకటిలోంచి ఐసీసీ తీసేస్తే 0.25, దాని వర్గమూలం 0.5, కాబట్టి కొలత పొరపాటు 3 మిల్లీసెకన్లు. దాన్ని 1.96తోనూ, 2 యొక్క వర్గమూలంతోనూ గుణిస్తే సుమారు 8.3. ఇంతకంటే చిన్న మార్పును కొలత పొరపాటు నుంచి విడదీయలేం. అంటే ఆరు వారాల వ్యాయామం తర్వాత ఒక మనిషికి లేటెన్సీ 5 మిల్లీసెకన్లు తగ్గితే, అది వ్యాయామం వల్లే అని ఈ సెటప్‌తో చెప్పలేం. ట్రయల్స్ సంఖ్య పెంచి సగటు తీస్తే ఈ అంకె తగ్గుతుంది.

భుజం జారిన చరిత్ర ఉన్నవాళ్లతో

కబడ్డీ, వాలీబాల్ ఆటగాళ్లలో ఇలాంటివాళ్లు చాలామంది దొరుకుతారు. చెయ్యి పక్కకు ఎత్తి బయటికి తిప్పిన భంగిమలో వీళ్లను హఠాత్తుగా తోయకండి. మోటారు ఎంత దూరం తోయగలదో సాఫ్ట్‌వేర్‌లోనే కాకుండా ఇనుప అడ్డుతో కూడా ఆపండి, ఆపే బటన్ వాళ్ల రెండో చేతిలో ఉంచండి. భయం వల్ల వచ్చే ముందస్తు బిగింపు బేస్‌లైన్‌లోనే కనిపిస్తుంది. దాన్ని రిఫ్లెక్స్ మార్పుగా రాయకూడదు.

అన్నీ సరిచూశాక కూడా ఒక వైపే తేడా

టైమింగ్ సరిగ్గా ఉంది, బిగింపు రెండు వైపులా సమానం, వేరే రోజు మళ్లీ చేసినా ఎడమ డెల్టాయిడ్ స్పందన చిన్నగానో ఆలస్యంగానో వస్తోంది. ఇప్పుడు పేషెంటు గురించి ఆలోచించాలి. భుజం ముందుకు జారినప్పుడు ఎక్కువగా దెబ్బతినే నాడి ఆక్సిలరీ. భుజం బయటి వైపు చర్మం మొద్దుబారిందా, చెయ్యి పక్కకు ఎత్తే బలం తగ్గిందా చూడండి. డెల్టాయిడ్‌తో పాటు బైసెప్స్ రిఫ్లెక్స్ కూడా తగ్గితే మెడలోని సీ5–సీ6 నాడీ మూలాలను అనుమానించాలి. అదే రెండు వైపులా స్పందన అతిగా ఉండి, నడకలో తూలు, చేతివేళ్ల పనిలో తడబాటు ఉంటే మెడలో వెన్నుపాము మీద ఒత్తిడి ఉందేమో చూడాలి. అది ఆలస్యం చేసే విషయం కాదు. న్యూరాలజిస్టు దగ్గరికి పంపేటప్పుడు సగటు అంకె ఒక్కటే రాయకుండా రెండు వైపుల ముడి గీతలు, తోపుకు ముందున్న బిగింపు విలువలు, యాక్సిలరోమీటర్ గీత కూడా ప్రింట్ తీసి ఇవ్వండి. మీ కొలతను ఎంతవరకు నమ్మాలో ఆయన వాటిని చూసి నిర్ణయించుకోగలరు.